పెరటి తోటకు ఖర్చు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మానాలి

కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు చాలామంది మొదట నర్సరీకి వెళ్లి మొక్కలు, రంగు కుండీలు కొని తెస్తారు. వాటిని కంకర, సిమెంటు పెళ్లలు నిండిన నేలలో నాటడం వల్ల వేసవి వచ్చేసరికి సగం మాడిపోతాయి. అందుచేత మొదటి ఖర్చు మట్టి మీదే పెట్టాలి. నేలను మూరెడు లోతు తవ్వి, పెళ్లలు ఏరివేసి, రెండు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు చివికిన పశువుల ఎరువు కలిపి మడులు కట్టుకోవాలి. పచ్చిపేడ వేస్తే వేరుపురుగు, చెదలు చేరతాయి కనుక, చేత్తో నలిపితే పొడిపొడిగా రాలే, పేడ వాసన లేని ఎరువునే ఎంచుకోవాలి. ఏరిన ఇటుక ముక్కలు మడుల గట్లకు పనికివస్తాయి.

ఆ తరువాత ఎరువు బస్తాలు కొనవలసిన అవసరం అంతగా ఉండదు. ఒక మూల గుంత తీసి, మూడు పాళ్లు ఎండుటాకులకు ఒక పాలు కూరగాయల తొక్కల చొప్పున పొరలుగా వేసి, తేమ ఆరకుండా చూస్తూ అప్పుడప్పుడు తిరగవేస్తే మూడు నాలుగు నెలల్లో ఎరువు తయారవుతుంది. ఆకులు ఊడ్చి తగలబెట్టేవారు నిజానికి ఎరువునే కాల్చుకుంటున్నారు.

ఆకుకూరలకు నారు కొనడం వృథా. కూరకు తెచ్చిన కట్టలోని బచ్చలి, పుదీనా కాడలను ఆకులు తుంచి తడిమట్టిలో గుచ్చితే వేళ్లు పోస్తాయి. పోపుల డబ్బాలోని మెంతులు, బద్దలుగా నలిపిన ధనియాలు చల్లితే మొలుస్తాయి. మునగకు మణికట్టు లావున్న నాలుగడుగుల కొమ్మ, అరటికి ఇరుగుపొరుగువారి పెరట్లోని సూది పిలక (సన్నని ఆకులున్న పిలక) చాలు. అరటిని స్నానాల గది నీళ్లు పారేచోట నాటితే వేరే తడి పెద్దగా అక్కరలేదు. మామిడి, సపోటాల విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. టెంక నుంచి వచ్చిన మామిడి కాపుకు ఏళ్లు పడుతుంది, కాయ తల్లిచెట్టు కాయలా ఉంటుందన్న నమ్మకమూ లేదు కాబట్టి అంటు మొక్కనే కొనాలి.

బీర, సొర పాదులకు ఇనుప పందిరి అక్కరలేదు. సర్వి బాదుల మొదళ్లకు తారు పూసి పాతి, పైన జీఐ తీగె (జింకు పూత పూసిన ఇనుప తీగె) లాగితే సరిపోతుంది. తీగె ఖరీదు చూసి కొబ్బరితాడు కట్టేవారున్నారు. అది వానలకు చీకి, సరిగ్గా కాయలు బరువెక్కే వేళకు తెగుతుంది. నాటు రకమైతే తొలి కాపులోని ఒక మంచి బీరకాయను పాదు మీదే ఎండనివ్వాలి. ఊపితే గింజలు గలగలమన్నప్పుడు కోసి, బూడిద కలిపి దాచుకుంటే మరుసటి ఏడు విత్తనానికి లోటుండదు. హైబ్రిడ్ గింజలు ఇలా దాచినా అదే కాపు ఇవ్వవు.

పేనుబంక కనిపించగానే మందుల దుకాణానికి పరుగెత్తనక్కరలేదు. వేసవి చివర రాలిన వేపపండ్ల గింజలను నీడన ఎండబెట్టి ఉంచుకుని, వాటి లోపలి పప్పును దంచిన పొడిని 50 గ్రాములు లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం వేళ ఆకుల అడుగున తడిసేలా చల్లాలి. కలిపిన కషాయాన్ని ఆ రోజే వాడేయాలి.