మీగడ రంగా, లేత బూడిద రంగా? గోడ మీదే తేల్చుకోండి

షేడ్ కార్డు మీది అంగుళం ముక్క చూసి గది రంగు ఖాయం చేయొద్దు. నాలుగు గోడలకూ వేశాక వెలుతురు ఒక గోడ నుంచి ఇంకో గోడ మీదికి పడుతూ రంగును చిక్కబరుస్తుంది. కార్డులో మీకు నచ్చినదానికన్నా ఒక మెట్టు లేతది తీసుకుంటే చాలాసార్లు సరిపోతుంది.

షాపులో రెండు షేడ్లనూ మిషన్ మీద చిన్న డబ్బాల్లో కలిపించుకోండి. రెండూ ఒకే రకం ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ పెయింటు) అయి ఉండాలి. ఒకటి మ్యాట్ (మెరుపు లేనిది), ఇంకోటి షీన్ (మెరిసేది) అయితే మెరుపులో తేడానే రంగులో తేడా అనుకుంటారు.

పాత గోడ మీద నేరుగా పూయకండి. నీలం గోడ మధ్యలో మీగడ రంగు ఉన్నదానికన్నా పసుపుగా కనిపిస్తుంది. కొత్తగా లప్పం పట్టి ప్రైమర్ వేయని గోడ అయితే పెయింటు పీల్చేసి మచ్చలు మచ్చలుగా ఆరుతుంది. అందుకే రెండు పెద్ద తెల్ల చార్టులు తీసుకుని, ఒక్కోదానికి ఒక్కో షేడ్ అంచుల దాకా రోలర్‌తో రెండు పూతలు వేయండి, మధ్యలో నాలుగు గంటలు ఆరనివ్వండి. తడి ఎమల్షన్ లేతగా ఉండి, ఆరాక కాస్త ముదురుతుంది. కాబట్టి పూర్తిగా ఆరకముందు చూసి ప్రయోజనం లేదు.

చార్టును నిలువుగా మధ్యకు మడిచి గది మూలలో అతికించండి. రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి వెలుతురు చిమ్ముకుంటాయి కదా, గదంతా వేస్తే ఎంత చిక్కబడుతుందో అక్కడే తెలిసిపోతుంది. రెండు చార్టులనూ పక్కపక్కన పెట్టొద్దు. మీగడ పక్కన బూడిద రంగు నీలంగా తిరుగుతుంది, బూడిద పక్కన మీగడ పసుపెక్కుతుంది. ఒకటి తీశాకే రెండోది పెట్టి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చూడండి. గచ్చు, తలుపు చెక్క కూడా కంట పడేలా నిలబడండి.

ఉత్తరం కిటికీ గదిలో బూడిద రంగు చలిచలిగా, ఉసూరుమంటూ ఉంటుంది. అక్కడ మీగడదే పైచేయి. పడమటి ఎండ దిగే గదిలో మీగడ సాయంత్రానికి పసుపైపోతుంది, బూడిద నిలుస్తుంది. ఇక రాత్రి సంగతి బల్బుదే. 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ కింద బూడిద రంగు ఆసుపత్రి వార్డులా ఉంటే, గోడ రంగు మార్చేముందు పసుపు వెలుతురిచ్చే 3000 కెల్విన్ బల్బు పెట్టి చూడండి. ఖర్చు ఎంతో తక్కువ.

10×12 అడుగుల గది, ఎత్తు 10 అడుగులు అనుకుంటే గోడలు 440 చదరపు అడుగులు, తలుపులూ కిటికీలూ పోను సుమారు 380. మంచి ఎమల్షన్ రెండు పూతలకు లీటరుకు 120–140 చదరపు అడుగులు వస్తుంది, అంటే సుమారు మూడు లీటర్లు. నాలుగు లీటర్ల డబ్బా ఒకేసారి కలిపించుకోండి. తర్వాత విడిగా కలిపించిన లీటరుకు రంగులో చిన్న తేడా రావచ్చు. షేడ్ కోడ్ డబ్బా మూత మీద రాసి, మిగిలింది టచప్‌కు దాచండి.