పథకాల డబ్బు, పన్నుల డబ్బు: మన ఇంటి లెక్క మనమే వేసుకోవడం ఎలా

ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత కొట్టండి, ఎడమ పక్క ప్రభుత్వం నుంచి ఏడాదికి మన ఇంటికి వచ్చేవి, కుడి పక్క తెలిసో తెలీకో మనం కట్టేవి. మన విశాఖలో గాజువాకైనా జ్ఞానాపురమైనా ఆరిలోవైనా కూలి పని, చిన్న ఉద్యోగం మీద నడిచే ప్రతి ఇంట్లో ఈ కాగితం ఉండాలని నా గట్టి నమ్మకం, ఎందుకంటే మీటింగుల్లో చెప్పే అంకె వేరు, మన చేతికి అందే అంకె వేరు, ఆ తేడా ఎక్కడొస్తుందో పట్టుకోకపోతే రావాల్సిన డబ్బు రాకుండానే ఏడాది గడిచిపోతుంది.

ఎడమ పక్క ముందు పెన్షన్ రాయండి. 2024 ఏప్రిల్ నుంచి వృద్ధులకి, వితంతువులకి నెలకి 4000, అంటే ఏడాదికి 48000, దివ్యాంగులకైతే నెలకి 6000. ఒకటో తారీఖున ఊళ్లో లేకపోతే కంగారు పడక్కర్లేదు, రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారు. పెన్షన్ తీసుకునే భర్త చనిపోతే భార్యకి అదే పెన్షన్ మారుతుంది, డెత్ సర్టిఫికెట్ పట్టుకుని సచివాలయానికి వెంటనే వెళ్లాలి, ఏడుపులో ఉన్న మనిషికి ఇది గుర్తుండదు కాబట్టి చుట్టుపక్కల వాళ్లమే చెప్పాలి.

తర్వాత తల్లికి వందనం, అంటే చదువుకునే పిల్లల తల్లులకి ఏడాదికోసారి ఇచ్చే డబ్బు. పేరుకి 15000, కానీ అందులో 2000 స్కూలు నిర్వహణకి పోతుంది, అమ్మ అకౌంట్లో పడేది 13000, ఇద్దరు పిల్లలుంటే 26000. కాగితం మీద 30000 రాసుకుని ఫీజులకి అప్పు చేస్తే ఆ 4000 మళ్లీ వడ్డీకి తేవాల్సొస్తుంది. పిల్లల హాజరు 75 శాతం ఉండాలి, మర్చిపోకండి. దీపం 2 పథకంలో ఏడాదికి మూడు గ్యాస్ సిలిండర్లు ఉచితమే కానీ డబ్బు ముందు మనం కట్టి తర్వాత అకౌంట్లోకి వెనక్కి తెచ్చుకోవాలి అన్న పద్ధతిలో మొదలైంది, అందుకని ఆ నెల ఒక సిలిండర్ డబ్బు పక్కన పెట్టుకోండి. చేపల వేట వాళ్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, ఆ భృతి 20000, రెండు నెలలు ఇల్లు నడవాల్సింది దాంతోనే.

ఆడవాళ్లకి బస్సు ఉచితం 2025 ఆగస్టు 15 నుంచి. ఇది చేతికి రాదు కదా అని చాలామంది లెక్కలో వెయ్యరు, వెయ్యాలి. గాజువాక నుంచి మద్దిలపాలెం పనికెళ్లే ఆవిడకి రానుపోను రోజుకి 60 అయ్యేది అనుకుంటే 25 రోజులకి 1500, ఏడాదికి 18000, ఒక పిల్లాడి తల్లికి వందనం కంటే ఇదే ఎక్కువ. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ రెండిట్లోనూ చెల్లుతుంది, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి.

ఇప్పుడు కుడి పక్క. పెట్రోల్ మీద రాష్ట్రం వ్యాట్ 31 శాతం, పైన లీటరుకి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు, మొత్తం లీటరుకి పాతిక రూపాయలు దాటుతుంది. బండికి నెలకి 20 లీటర్లు కొట్టిస్తే ఏడాదికి 6000 పైనే రాష్ట్రానికి కడుతున్నట్టు. సబ్బు, పేస్టు, తలనూనె మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22న 18 నుంచి 5కి తగ్గింది, కొట్లో పాత రేటు తీసుకుంటుంటే అడగండి. ఇంక మందు, రోజుకి ఒక 99 రూపాయల క్వార్టర్ అంటే ఏడాదికి 36000 దాటుతుంది, ఇద్దరు పిల్లల తల్లికి వందనం అంతా పోసినా చాలదు. ఈ లైను ఇంట్లో అందరి ముందే రాయండి.

అన్నిటికన్నా ముఖ్యం కరెంటు మీటరు, ఇది రెండు పక్కలా దెబ్బ కొడుతుంది. కంచరపాలెం లాంటి చోట ఒకే ఇంట్లో రెండు మూడు పోర్షన్లకి ఒకే మీటరుంటుంది. రెండు ఇళ్లు చెరో 110 యూనిట్లు వాడాయనుకోండి. 2022 ఆగస్టు నుంచి ఉన్న శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6. వేరువేరు మీటర్లయితే ఒక్కో ఇంటికి 349.50, రెండిటికీ కలిపి 699. అదే ఒకే మీటరు మీద 220 యూనిట్లు పడితే 987, ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాటు చార్జీ కాకుండానే. నెలకి 288 తేడా, ఒక్క యూనిట్ కూడా ఎక్కువ వాడకుండా.

ఆ పైన పథకాలకి నెల సగటు 300 యూనిట్లు దాటకూడదన్న రూలు ఉంది. మా వీధిలో ఇస్త్రీ పెట్టుకునే ఆవిడ పేరు అనర్హుల లిస్టులో వచ్చింది, కారణం విద్యుత్ వినియోగం. "ఏటండీ, నాకున్నది ఒక ఫ్యాను, రెండు లైట్లు, ఇస్త్రీ కూడా బొగ్గులదే" అంటుంది. చూస్తే మూడు పోర్షన్ల మీటరుకి ఆవిడ ఆధార్ లింకై ఉంది. ఇలాంటప్పుడు కరెంటు వాళ్ల (ఈపీడీసీఎల్) సెక్షన్ ఆఫీసుకి సర్వీస్ నంబరు, ఆధార్ పట్టుకెళ్లి ఆ లింకు తీయించుకోవాలి, తర్వాత సచివాలయంలో అభ్యంతరం పెట్టాలి. ఓనరు ఒప్పుకుంటే విడి మీటరే మంచిది.

అలాగే అమ్మేసిన పాత కారు ఆర్సీ మన పేరునే ఉండిపోయినా నాలుగు చక్రాల బండి ఉన్నట్టే లెక్క, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకి మినహాయింపు. పథకాలు రావాలంటే టౌనులో ఇంటి నెలాదాయం 12000 లోపుండాలి, ఇల్లు 1000 చదరపు అడుగుల లోపుండాలి, ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి, ఇన్‌కంటాక్స్ కట్టేవాళ్లు ఉండకూడదు. పెళ్లై వేరుగా ఉంటున్న కొడుకు ఇంకా మీ రైస్ కార్డులోనే ఉంటే అతని జీతం మీ ఇంటి మీదే పడుతుంది, కార్డు స్ప్లిట్ చేయించండి.

అన్నీ సరిగ్గా ఉన్నా డబ్బు పడకపోతే ఎన్‌పీసీఐ లింకు, అంటే మీ ఆధార్‌కి ఏ బ్యాంకు లింకై ఉందో చూడండి. డబ్బు ఆధార్‌కి ఆఖరున లింకైన బ్యాంకుకే పోతుంది, ఎప్పుడో తెరిచి వదిలేసిన అకౌంట్లో పడి ఉండొచ్చు. మైఆధార్ సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, ఫోన్లోనే తెలిసిపోతుంది.

సచివాలయంలో పని కాకపోతే సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇవ్వండి, నోటిమాట కాకుండా కాగితం మీద, కరెంటు బిల్లు జిరాక్స్, ఆధార్ జిరాక్స్, అనర్హుల లిస్టులో మీ పేరు ఉన్న పేజీ ఫొటో జత చేసి. రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావద్దు.