పీకన్ పై ఓల్డ్ ఫ్యాషన్డ్: తీపి మొహం మొత్తినా, పైన జిడ్డు తేలినా ఏం చూడాలి

ఓల్డ్ ఫ్యాషన్డ్ అంటే విస్కీ కాక్‌టెయిల్. దాన్ని అమెరికా వాళ్ల పీకన్ పై, అంటే పీకన్ గింజలతో కాల్చిన తీపి వంటకం, రుచికి తేవాలంటే రెండు మార్పులు చాలు. పంచదార బదులు మేపుల్ సిరప్ (మేపుల్ చెట్టు రసం కాచిన పాకం), మామూలు బోర్బన్ (అమెరికా విస్కీ) బదులు కాచిన వెన్న వాసన పట్టించిన బోర్బన్. 2007లో న్యూయార్క్‌లోని పీడీటీ బార్‌లో బార్టెండర్ డాన్ లీ బేకన్ కొవ్వుతో చేసింది కూడా ఈ పద్ధతిలోనే. నా కొలత 60 మి.లీ. బోర్బన్, ఒక టీస్పూన్ సిరప్, రెండు చుక్కల బిటర్స్ (మూలికల చేదు ద్రావకం), నారింజ తొక్క.

తీపి మొహం మొత్తుతోంది

ముందు సిరప్ సీసా తిప్పి లేబుల్ చదవండి. దయచేసి చదవండి. నన్ను అడిగినవాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది పాన్‌కేక్ సిరప్, అంటే కార్న్ సిరప్‌కు వాసన కలిపినది. అసలైన మేపుల్ సిరప్‌లో మేపుల్ తప్ప ఇంకేమీ ఉండదు. ‘డార్క్’ రకం తీసుకోండి. ఇది చూడకుండా బిటర్స్ పెంచుతూ పోతే తీపికి చేదు తోడవుతుందంతే. సిరప్ సరైనదే అయితే నేరుగా వంపడం మాని టీస్పూన్‌తో కొలవండి.

రుచి బాగుంది, కానీ పైన తెల్లటి పలుకులు, పెదవులకు జిడ్డు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. సీసాలో బోర్బన్ అద్దంలా కనబడుతుంది. మిగిలిపోయిన కొవ్వు గది వేడికి కరిగి ఉంటుంది, ఐస్ తగలగానే గడ్డకడుతుంది. మొదట వెన్నను, తర్వాత ఐస్‌ను అనుమానించి రెండు సీసాలు పారబోశాను. తప్పంతా వడకట్టే దగ్గర ఉంది. జాడీని ఫ్రీజర్ నుంచి తీసి, ఫిల్టర్ వెతుక్కునేలోపు అంచుల్లో కొవ్వు మెత్తబడి మళ్లీ కలిసిపోతుంది. పైగా కాఫీ ఫిల్టర్‌లో చుక్కచుక్కగా దిగేసరికి అంతా వేడెక్కిపోతుంది.

అందుకే ఇలా చేయండి. ఉప్పు లేని వెన్న ఒక స్టిక్, అంటే 113 గ్రాములు, నెయ్యి కాచినట్టే గసి గోధుమరంగుకు వచ్చి కమ్మటి వాసన వేసేదాకా కాచండి. పొయ్యి ఆర్పి, గోరువెచ్చనయ్యాక జాడీలో 750 మి.లీ. బోర్బన్‌తో కలపండి. వేడి బాండీలో బోర్బన్ పోస్తే మంట అంటుకోవచ్చు. నాలుగు గంటలు అప్పుడప్పుడు ఊపి, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. గరాటు, జల్లెడ, ఫిల్టర్, ఖాళీ సీసా కూడా ఆ రాత్రే ఫ్రీజర్‌లోకి వెళ్లాలి. పొద్దున గట్టిపడిన వెన్న బిళ్లకు చిల్లు పెట్టి, జల్లెడలోంచి వంపి, ఆ తర్వాత కాఫీ ఫిల్టర్ వడపోతను ఫ్రీజర్ లోపలే సాగనివ్వండి. ఒక చెంచా బోర్బన్ ఐస్ ముక్క మీద పోసి చూడండి. పలుకులు కనబడితే పారబోయకండి, మళ్లీ గడ్డకట్టించి మళ్లీ వడకట్టండి.

కొన్న నెయ్యి వాడినా ఈ వడపోత తప్పదు.

మిగతావి

పీకన్ రుచి రాకపోతే పీకన్ గింజల్ని దోరగా వేయించి వెన్నతోపాటే వేయండి. నీళ్లగా ఉంటే ఆల్కహాల్ 45 శాతం పైనున్న బోర్బన్, ఒకే పెద్ద ఐస్ ముక్క. జిడ్డు లేని పల్చటి మసక అయితే వదిలేయండి, కొన్ని విస్కీలు చల్లబడితే అంతే. ముక్కిపోయిన వాసన వస్తే మాత్రం పారబోయండి. సీసాను ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

గింజలు గానీ పాలు గానీ పడనివాళ్లకు గ్లాసు ఇచ్చేముందే చెప్పండి, వడకట్టాక అవి కంటికి కనబడవు.