యాక్సిలరేటర్ కార్డుని యూజర్‌స్పేస్ డ్రైవర్‌కి ఇచ్చే ముందు

రుషికొండ ఐటీ హిల్ మీద మా ల్యాబ్ సర్వర్‌లో ఒకే రకం యాక్సిలరేటర్ కార్డులు (బరువైన లెక్కలు వేగంగా చేసేవి) రెండున్నాయి. ఒకదాన్ని వీఎఫ్‌ఐఓకి (కెర్నెల్ బయట, అంటే యూజర్‌స్పేస్‌లో, నడిచే ప్రోగ్రామ్‌కి కార్డుని నేరుగా అందించే లైనక్స్ సదుపాయం) ఇద్దామని, దాని డ్రైవర్ వీఎఫ్‌ఐఓ-పీసీఐ కింది న్యూ_ఐడీ ఫైల్‌లో కార్డు మోడల్ ఐడీ రాశాను. పక్క టీమ్ కోసం ఖాళీగా ఉంచిన రెండోది కూడా దానికే అతుక్కుంది! న్యూ_ఐడీ చూసేది మోడల్‌ని, కార్డుని కాదు. అందుకే ఒక్క కార్డుకే వర్తించే డ్రైవర్_ఓవర్‌రైడ్ ఫైల్ వాడండి. పాత డ్రైవర్ నుంచి కార్డుని విడదీసి, దాని పీసీఐ అడ్రస్ (సిస్టమ్‌లో ఆ కార్డుని గుర్తించే నంబరు) కింది డ్రైవర్_ఓవర్‌రైడ్‌లో వీఎఫ్‌ఐఓ-పీసీఐ అని రాసి, కార్డుకి డ్రైవర్‌ని వెతికించే డ్రైవర్స్_ప్రోబ్ ఫైల్‌కి అదే అడ్రస్ ఇస్తే చాలు. లైనక్స్ 3.16 నుంచి ఈ సదుపాయం ఉంది.

అంతకన్నా ముందు ఐఓఎంఎంయూ గ్రూప్ చూడండి. కార్డులు ఏ మెమరీని తాకొచ్చో కాపలా కాసే హార్డ్‌వేర్ ఐఓఎంఎంయూ; అది విడివిడిగా కాకుండా కలిపి మాత్రమే వేరుచేయగల పరికరాల జట్టు ఈ గ్రూప్. అదే గ్రూప్‌లో నెట్‌వర్క్ కార్డు కూడా ఉందనుకోండి, అది కెర్నెల్ డ్రైవర్ చేతిలో ఉన్నంతసేపూ వీఎఫ్‌ఐఓ మీ కార్డుని తెరవనివ్వదు. విసుగొచ్చి, ఆ కాపలా లేని నో-ఐఓఎంఎంయూ మోడ్ ఆన్ చేసేవాళ్లున్నారు. వద్దు బాబూ! అప్పుడు కార్డు డీఎంఏతో (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీని నేరుగా తాకే పద్ధతి) మెమరీలో ఎక్కడైనా రాసేయగలదు. కార్డుని వేరే స్లాట్‌లోకి మార్చి చూడండి, చాలాసార్లు గ్రూప్ మారిపోతుంది.

ప్రోగ్రామ్‌ని రూట్‌గా నడపక్కర్లేదు. డెవ్ కింద వీఎఫ్‌ఐఓ ఫోల్డర్‌లో ఆ గ్రూప్ నంబరు ఫైల్‌ని ఆ యూజర్ పేరుకి మార్చి, మెమ్‌లాక్ పరిమితి (ప్రోగ్రామ్ ర్యామ్‌లో కదలకుండా పట్టి ఉంచగల మెమరీ ఎంతో చెప్పేది) పెంచితే సరిపోతుంది.