ఆన్‌లైన్ డిగ్రీతో సైనిక అధికారి కావడం ఎలా?

పగలు ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్లు ఇంట్లోనే బీఏనో బీకామో చదువుతున్న పిల్లలను ఒక సందేహం వెంటాడుతూ ఉంటుంది. ఈ డిగ్రీ సైన్యంలో అధికారి ఉద్యోగానికి చెల్లుతుందా?

చెల్లుతుంది. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం అనుమతి తీసుకుని ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో ఇచ్చే డిగ్రీ, కళాశాలకు వెళ్లి చదివిన డిగ్రీతో సమానమని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2020 నాటి నిబంధనల్లోనే చెప్పింది. 2022 సెప్టెంబరులో అదే విషయాన్ని మళ్లీ ప్రకటించింది. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు నిర్వహించే సీడీఎస్ (త్రివిధ దళాల అధికారుల ఎంపిక) పరీక్షకు అడిగేది కూడా గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయ డిగ్రీ లేదా తత్సమాన అర్హత. చిక్కంతా ఆ ‘గుర్తింపు’ దగ్గరే వస్తుంది. అందుకే పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

1. ఫీజు కట్టకముందే గుర్తింపు చూసుకోండి

యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్‌లో అనుమతి ఉన్న విశ్వవిద్యాలయాల జాబితా ఉంటుంది. అందులో విశ్వవిద్యాలయం పేరు కనిపించగానే ఆగిపోవద్దు. మీరు చేరబోయే కోర్సు పేరు ఉందా, మీరు చేరే విద్యా సంవత్సరానికి అనుమతి ఉందా అన్నదీ చూడండి. పెద్ద పేరున్న విశ్వవిద్యాలయానికైనా ప్రతి కోర్సుకూ విడిగా అనుమతి ఉండాలి. ఆ పేజీని తేదీతో సహా దాచుకోండి. ప్రవేశానికి అవసరమైన డెబ్ ఐడీని (దూరవిద్యా బ్యూరో విద్యార్థికి ఇచ్చే గుర్తింపు సంఖ్యను) మీరే స్వయంగా తీసుకోండి, మరొకరి చేతికి వదలకండి.

‘ఏడాదిలో డిగ్రీ ఇప్పిస్తాం, పరీక్షల సంగతి మేం చూసుకుంటాం’ అనే మధ్యవర్తుల గడప తొక్కవద్దు. విశ్వవిద్యాలయాలు తమ దూరవిద్యా కోర్సులను బయటి సంస్థలకు ఫ్రాంచైజీగా ఇవ్వడం నిషిద్ధం. అలా కొన్న కాగితం పరిశీలనలో బయటపడితే ఉద్యోగం పోవడంతో ఆగదు, కేసు కూడా మెడకు చుట్టుకుంటుంది. మన తెలుగువారికి 1982లోనే హైదరాబాద్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. నేడు అంబేడ్కర్ పేరుతో ఉన్న ఆ సంస్థ దేశంలోనే మొదటిది. దగ్గరలో రాజమార్గం ఉండగా అడ్డదారి ఎందుకు?

2. మీ డిగ్రీకి ఏ అకాడమీ తలుపు తెరుస్తుందో తెలుసుకోండి

సైన్యాధికారులకు శిక్షణ ఇచ్చే డెహ్రాడూన్‌లోని ఐఎంఏకూ చెన్నైలోని ఓటీఏకూ ఏ డిగ్రీ అయినా చాలు. ఓటీఏలో స్త్రీలకూ అవకాశం ఉంది. కేరళలోని ఎళిమలలో ఉన్న నౌకాదళ అకాడమీకి మాత్రం ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి. ఇంజినీరింగ్‌ను ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో చదవడానికి యూజీసీ అనుమతి లేదు. దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల విషయంలో 2017లో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. కాబట్టి ‘ఆన్‌లైన్ బీటెక్’ అని ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి.

హైదరాబాద్ దగ్గరి దుండిగల్ వైమానిక అకాడమీకి వెళ్లాలంటే ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి. సీఈసీ చదివిన వారు తర్వాత ఏ డిగ్రీ చేసినా ఆ లోటు పూడదు. వాయుసేన సొంతంగా నిర్వహించే ఆఫ్‌క్యాట్ ప్రవేశ పరీక్షకు అయితే డిగ్రీలో 60 శాతం మార్కులు కూడా కావాలి.

3. వయసు లెక్క వేసుకోండి

ఆన్‌లైన్‌లో చదివే వారికి డిగ్రీ కన్నా వయసే పెద్ద అడ్డంకి అవుతుందని నా అభిప్రాయం. ఐఎంఏకు 24 ఏళ్లు, ఓటీఏకు 25 ఏళ్లు పరిమితి. శిక్షణ మొదలయ్యే నాటికి మీ వయసు ఎంతో చూస్తారు. పెళ్లి కూడా కాకూడదు. ఇంటర్ తర్వాత మూడేళ్లు పనిచేసి 21వ ఏట డిగ్రీలో చేరితే, అది పూర్తయ్యేసరికి 24 వచ్చేస్తాయి. ఒక్క సెమిస్టర్‌లో సబ్జెక్టు మిగిలిపోయినా దారి మూసుకుపోవచ్చు. అందుకే చివరి సంవత్సరం విద్యార్థులకు ఇచ్చే అవకాశాన్ని వదులుకోకుండా అప్పుడే దరఖాస్తు చేయండి.

4. రాత పరీక్ష

సీడీఎస్‌లో ఇంగ్లిషు, జనరల్ నాలెడ్జ్, పదో తరగతి స్థాయి గణితం, ఒక్కొక్కటి 100 మార్కులకు. ఓటీఏకు గణితం ఉండదు. పాత ప్రశ్నపత్రాలు యూపీఎస్సీ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి.

5. ఎస్‌ఎస్‌బీకి ఇప్పటి నుంచే సిద్ధం కండి

రాత పరీక్ష దాటిన వారిని సైనిక అధికారులను ఎంపిక చేసే బోర్డు, అంటే ఎస్‌ఎస్‌బీ, అయిదు రోజులు దగ్గరుండి పరీక్షిస్తుంది. మొదటి రోజు వడపోత, తర్వాత మనస్తత్వ పరీక్షలు, మైదానంలో జట్టుగా చేసే పనులు, ఇంటర్వ్యూ, చివరి రోజు అధికారులందరి ముందు హాజరు. కళాశాలలో ఎన్‌సీసీ, ఆటలు, స్నేహబృందం దొరికిన వారికి నలుగురిలో కలిసి పనిచేయడం అలవాటై ఉంటుంది. గదిలో ఒంటరిగా వీడియోలు చూసి చదివిన వారికి ఆ అలవాటు తక్కువ. ఆ లోటును పూడ్చుకునే పని మీదే. ఊళ్లో వాలీబాల్ జట్టులో చేరండి, రక్తదాన శిబిరం నడిపే బాధ్యత తీసుకోండి, రోజూ పరుగెత్తండి, ఇద్దరు స్నేహితులతో ఇంగ్లిషులో వార్తల గురించి చర్చించండి.

‘కళాశాలకు ఎందుకు వెళ్లలేదు?’ అని ఇంటర్వ్యూలో అడగవచ్చు. సిగ్గుపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నాన్న మంచాన పడితే దుకాణం నడిపాను, చెల్లెలి ఫీజు కట్టాను, మిగిలిన సమయంలో చదివాను అనేదే మీ నిజమైతే, దానికి మించిన జవాబు లేదు. బాధ్యత మోసిన అనుభవాన్ని ఆ బోర్డు విలువైనదిగానే చూస్తుంది. కల్పించిన కథ మాత్రం రెండు మూడు ప్రశ్నలకే విడిపోతుంది.

6. కాగితాలు

మార్కుల పత్రాలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికి రావడంలో ఆలస్యం కావచ్చు. ఫలితాలు వచ్చిన వారంలోనే విశ్వవిద్యాలయానికి రాయండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ప్రతి పత్రంలోనూ ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక రావడం మనవాళ్లకు మామూలే గనుక, డిగ్రీలో చేరే రోజే దాన్ని సరిచేయించుకోండి.

వయసు దాటిపోయి, ఏదైనా ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటున్న వారు టెరిటోరియల్ ఆర్మీ (తమ పని మానకుండానే సేవ చేసే సైనిక విభాగం) అధికారి నియామక ప్రకటన కోసం చూడండి. అక్కడ డిగ్రీ ఉంటే 42 ఏళ్ల వరకు దరఖాస్తు చేయవచ్చు.