పాత కారు హీటర్ కోర్ కంప్యూటర్‌కి రేడియేటర్‌గా పనికొస్తుంది

కంప్యూటర్‌ని నీళ్లతో చల్లబరిచే వాటర్ కూలింగ్ సొంతంగా పెట్టుకుందామంటే రేడియేటర్ దగ్గరే ఖర్చు ఎక్కువైపోతుంది. పాత కార్ల తుక్కులో డ్యాష్‌బోర్డు వెనకాల ఉండే హీటర్ కోర్ చూడండి, అది కూడా చిన్న రేడియేటరే, 120 మి.మీ. ఫ్యాన్ ఒకటో రెండో పట్టే సైజుల్లో దొరుకుతుంది.

కొనేముందు పైపు అంచున కొంచెం గీకి చూడండి. ఎర్రగానో పసుపుగానో కనిపిస్తే రాగి, ఇత్తడి, అదే కావాలి. ఇంటికి తెచ్చాక ఒక పైపు మూసేసి, నీళ్లలో ముంచి, సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టండి, బుడగలు వస్తే అది వదిలేయడమే మేలు. లోపల మిగిలిన పాత కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) విషం, చేతులకి గ్లౌజులు వేసుకుని సీసాలోకి వంచండి, పిల్లలకీ కుక్కలకీ అందనివ్వొద్దు. తర్వాత తెల్ల వెనిగర్, వేడి నీళ్లు సమానంగా కలిపి నింపి అరగంట ఉంచి, బాగా ఊపి పారబోయండి, మురికి రావడం ఆగేదాకా మంచి నీళ్లతో కడిగి, చివర్లో రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో. వెనిగర్ రాత్రంతా ఉంచితే అతుకుల్ని తినేస్తుంది. పైపులు సాధారణంగా 16 మి.మీ. దాకా లావుంటాయి, సన్నటి ట్యూబుకి రెడ్యూసరూ (లావు పైపుని సన్న ట్యూబుకి కలిపే జాయింటు), బిగించే క్లాంపులూ తప్పనిసరి.

బిగించాక కంప్యూటర్ ఆన్ చేయకుండా, పంపు ఒక్కదానికే కరెంటిచ్చి 24 గంటలు తిప్పండి, కింద టిష్యూ పేపర్లు పరిస్తే చిన్న లీకైనా తెలిసిపోతుంది.

గీకినచోట తెల్లగా ఉంటే అల్యూమినియం. కొత్త కార్లలో ఎక్కువగా అదే. ప్రాసెసర్ మీది బ్లాకు (నీళ్లు పారుతూ వేడి లాగే లోహపు ముక్క) రాగిదైతే దానితో కలపకండి, అల్యూమినియం నెమ్మదిగా తినేసుకుపోయి చిల్లు పడుతుంది.