ఎండెక్కక ముందే రామప్ప: హన్మకొండ నుంచి చెరువుల వెంట ఒక రోజు

మనకు సముద్రం లేదు. చెరువులు మాత్రం బోలెడు. సెలవు దొరికితే సూర్యలంక దాకానో గోవా దాకానో పోనక్కర లేకుండా, నీళ్ళ ఒడ్డునా పాత రాళ్ళ మధ్యా ఒక రోజంతా తిరిగి రాత్రి భోజనానికి ఇల్లు చేరడం ఎలాగో చెబుతాను. నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషిని. గుడికి పోయినా నా చూపు ముందు తూము ఎక్కడుందా అనే వెతుకుతుంది. హైదరాబాద్ నుంచి మా బావమరిది పిల్లలు వచ్చినప్పుడల్లా వాళ్ళకు నాతో ఈ తిరుగుడు తప్పదు.

దారి ఇది. హన్మకొండ నుంచి 163వ నంబరు జాతీయ రహదారి మీద ములుగు, అది దాటాక జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగి పాలంపేట. రామప్ప గుడి ఉన్నది ఆ ఊళ్ళోనే. అక్కడి నుంచి గణపురం కోటగుళ్ళు. మళ్ళీ వెనక్కి, హైవే ఎక్కి చల్వాయి మీదుగా లక్నవరం. అటునుంచి ఇంటికి. మొత్తం రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ ఎలాగూ ఊళ్ళోనే ఉన్నాయి, ఇంకో సాయంత్రం చూసుకోవచ్చు. వాటిని కూడా ఇదే రోజులో దూర్చితే ఏదీ చూసినట్టు ఉండదు. పాకాల చెరువు నర్సంపేట వైపు, దానికి వేరే రోజు పెట్టుకోండి.

ముఖ్యమైన సంగతి ఒక్కటే: రాళ్ళు పొద్దున, నీళ్ళు సాయంత్రం. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. తొమ్మిదింటికి తీరిగ్గా బయలుదేరి, దారిలో టిఫిన్ చేసి, ఫొటోలు దిగి, సరిగ్గా మిట్టమధ్యాహ్నం రామప్ప చేరుకుంటారు. చెప్పులు బయట విడిచాక ఆ బండల మీద ఒక్కొక్కరూ ఎగురుతూ పరుగెత్తడమే కనిపిస్తుంది, శిల్పం ఎవరికీ కనిపించదు. ఐదున్నరకు ఇంటి ముందు బండి స్టార్ట్ కావాలి. పిల్లలు వెనక సీట్లో పడుకుంటారు, ఏం ఫరవాలేదు. ఒక జత పాత సాక్సులు మాత్రం ప్రతి మనిషికీ పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

దారిలో కటాక్షపూర్ చెరువు తగులుతుంది. వానాకాలం బాగా పడ్డ ఏడాది ఇది నిండి మత్తడి పోస్తే నీళ్ళు రోడ్డు మీదికే వస్తాయి, రాకపోకలు ఆగిపోతాయి. అందుకే ఆగస్టు, సెప్టెంబర్‌లలో బయలుదేరే ముందు ఆ పక్క ఊళ్ళలో తెలిసినవాళ్ళకు ఒక ఫోన్ కొట్టండి. ఊళ్ళో కాకతీయుల నాటి పాత గుళ్ళు ఉన్నాయి గానీ ఈ రోజు ఆగకండి, పొద్దు మన కోసం ఆగదు. ములుగు ముందు గట్టమ్మ గుడి దగ్గర మాత్రం ఆగాల్సిందే. మేడారం పోయే ప్రతి బండీ అక్కడ ఆగి మొక్కి కదులుతుంది, మనం మేడారం పోకున్నా మా ఇంటావిడ ఆగకుండా పోనివ్వదు. జాతర ఏడాది మాఘమాసంలో అయితే ఈ ట్రిప్పే పెట్టుకోవద్దు. ఆ రోజుల్లో ఈ రోడ్డు మనది కాదు.

ఏడింటికల్లా రామప్పలో ఉంటే ఏం లాభమో చెబుతాను. గుడి తూర్పు ముఖం. పొద్దుటి ఎండ ఏటవాలుగా వచ్చి తూర్పు ద్వారంలోంచి మండపంలోకి దూరుతుంది. చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ళ శిల్పాలు, ఉన్నాయి కదా, వాటి మీద వెలుగు పడేది ఈ వేళలోనే. పొద్దెక్కితే చూరు నీడ వాటిని కప్పేస్తుంది, ఆ తర్వాత మెడలు నొప్పి పుట్టేలా చూసినా నల్లటి ఆకారమే. తూర్పు వైపు ఒక్క మదనికను పట్టుకుని ఐదు నిమిషాలు చూడండి. మెడలో హారం నీడ ఒంటి మీద పడ్డట్టు చెక్కి ఉంటుంది, అసలు హారం ఏదో నీడ ఏదో మీరే తేల్చుకోవాలి. ఒకామె కాలికి ఎత్తు మడమ చెప్పులు ఉంటాయి, పిల్లలకు వెతకమని చెబితే అరగంట నిమ్మళం. గుడి ఒళ్ళంతా ఎర్రటి ఇసుకరాయి, స్తంభాలూ మదనికలూ డోలరైట్ అనే నల్లటి గట్టి రాయి. ఎండలో ఆ రెండు రంగులు పక్కపక్కన చూడడానికే నేను పోతాను.

చరిత్ర క్లుప్తంగా: కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, ఆవరణలో నిలబెట్టిన శాసనం 1213 నాటిది. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. శిఖరానికి వాడినవి నీళ్ళలో తేలే తేలికపాటి ఇటుకలు. పునాది గోతిని ఇసుకతో నింపి, దాని మీద కట్టారు. లోపల నేల ఒకచోట పైకి, ఒకచోట కిందికి ఉంటుంది, అడుగు చూసుకుని వేయండి. స్తంభాల మీద చేతితో కొట్టి మోగించి చూపించేవాళ్ళు తగులుతారు. మీరు మాత్రం కొట్టకండి, ఎనిమిది వందల ఏళ్ళ రాయి అది.

గుడి అయ్యాక పక్కనే ఉన్న చెరువు కట్ట మీదికి పోదాం. బోటింగ్ ఉంటుంది, సరదా ఉంటే ఎక్కండి. నేను మాత్రం కట్ట ఎక్కి నీళ్ళ వైపు చూపిస్తాను. గుట్టల మధ్య సందును మాత్రమే మట్టితో మూశారు, మిగతా గట్టు పని గుట్టలే చేస్తున్నాయి. తక్కువ కట్టతో ఎక్కువ నీళ్ళు. నీళ్ళ వైపు వాలుకు పేర్చిన రాయి లేకపోతే అల కొట్టిన ప్రతిసారీ మట్టి కొంచెం కొంచెం జారిపోతుంది. ఇటు చెరువు, అటు కింద వరి. రేచర్ల రుద్రుడు గుడితో పాటు చెరువు కూడా కట్టించాడు కాబట్టే ఆ ఊరు నిలిచింది. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల నీళ్ళు కూడా ఇందులోకే వస్తాయి. ఇదంతా నేను చెబుతుంటే మా బావమరిది కొడుకు, “మామయ్యా, ఈ తూము చూపియ్యడానికా పొద్దున ఐదింటికి లేపినవ్?” అన్నాడు. అవును మరి.

టిఫిన్ ఇక్కడే కానివ్వండి. సర్వపిండి ఇంట్లోంచి తెచ్చుకుంటే సాయంత్రం దాకా పాడుకాదు, చేతులకు నూనె తప్ప ఇంకేం ఇబ్బంది లేదు. కోతులు చూస్తుంటాయి, డబ్బా మూత తీసేది కారు లోపలే.

గణపురం పదీ పన్నెండు కిలోమీటర్లు. చిన్న రోడ్డు, రెండు పక్కలా పొలాలు. ఇక్కడ జనం తక్కువ, నాకు రామప్ప కంటే ఇదే ఎక్కువ ఇష్టం. చుట్టూ కోటగోడ, లోపల 22 గుళ్ళు, కొన్ని నిలబడి ఉన్నాయి, కొన్ని ఒరిగాయి, కొన్ని రాళ్ళ గుట్టలే. ఎండ అప్పటికి గట్టిగా ఉంటుంది, సాక్సులు బయటికి తీసి తొడుక్కునేది ఇక్కడే. ఒరిగిన రాళ్ళ మీద ఎక్కి ఫొటో దిగాలని పిల్లలు మారాం చేస్తారు, ఎక్కనివ్వకండి. రాయి కదిలితే ఆపడం ఎవరి తరమూ కాదు, పైగా సందుల్లో పాములు ఉండొచ్చు. ప్రధాన ఆలయం దగ్గర ఏనుగు మీదికెక్కిన సింహం బొమ్మలు చూసి, నీడలో కాసేపు కూర్చుని లేవండి.

మధ్యాహ్నం భోజనానికి వెనక్కి ములుగు రావడమే మేలు. లోపలి ఊళ్ళలో హోటళ్ళను నమ్ముకుంటే టీతోనే కడుపు నింపుకోవాలి. పెట్రోలు కూడా అక్కడే చూసుకోండి. ఎండ తగ్గేదాకా తొందర లేదు.

లక్నవరం మూడున్నర తర్వాత. చల్వాయి దగ్గర కుడికి తిరిగి అడవిలోంచి పోతే గుట్టల మధ్య చెరువు, అందులో దీవులు, వేలాడే వంతెన. ఇది కూడా కాకతీయుల చెరువే, కానీ ఇక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వంతెన మీద సెల్ఫీ కోసమే వస్తారు. ఆదివారం అయితే వంతెన మీద నడవడం కాదు, తోసుకోవడమే. పని రోజున పోగలిగితే పోండి, లేదంటే దీన్ని వదిలేసి సాయంత్రం కూడా రామప్ప కట్ట మీదే గడపండి. నష్టమేం లేదు. లక్నవరంలో రాత్రి ఉండాలనుకుంటే కాటేజీ ముందే బుక్ చేసుకోవాలి, వచ్చాక అడిగితే దొరకదు.

నెలల మాట: అక్టోబర్ నుంచి జనవరి దాకా బాగుంటుంది, చెరువులో నీళ్ళుంటాయి, ఎండ ఒళ్ళు కాల్చదు. కానీ వరి కోతలప్పుడు వచ్చేటప్పుడు జాగ్రత్త. రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెడతారు. చీకట్లో ఆ రాళ్ళు కనపడవు, ముందు పోయే ట్రాక్టర్‌కు వెనక లైటు ఉండదు. అందుకే లక్నవరం నుంచి ఐదున్నరకల్లా కదిలి, చీకటి పడేలోపు హైవే ఎక్కేయండి.